1767లో బ్రిటిష్ సైన్యంలో కెప్టెన్ కావాలంటే: డబ్బు, సిఫార్సు, ఒక మంచి అర్జీ

పద్దెనిమిదో శతాబ్దపు బ్రిటిష్ సైన్యం మాట వస్తే "అక్కడ ఆఫీసర్ పదవులు కొనుక్కునేవాళ్లట కదా" అని ఒక్క ముక్కతో చాలామంది తేల్చేస్తారు. కొనుక్కునేవాళ్లు, నిజమే. కానీ చేతిలో డబ్బున్నంత మాత్రాన ఎవరూ కెప్టెన్ అయిపోలేదు. ఆ డబ్బు కట్టడానికి కూడా పైనుంచి అనుమతి రావాలి, అనుమతి రావాలంటే ఖాళీ పడిన సమయానికి సరైన చెవిలో మీ పేరు పడాలి, ఆ పేరు వేసే మనిషి ఒకడు మీకు ఉండాలి. ఆ మనిషిని ఎలా సంపాదించుకోవాలి, ఏమని అడగాలి, ఎప్పుడు అడగాలి అన్నదే అసలు విద్య. ఆ కాలం మీద కథ రాస్తున్నవాళ్లకీ, ఈస్టిండియా కంపెనీ రోజుల చరిత్ర చదువుతూ ఈ దొరలు ఒకరి తల మీంచి ఒకరు ఎలా పైకెక్కారని సందేహం వచ్చినవాళ్లకీ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

అర్థం కావాలంటే మనమే అక్కడ ఉన్నామనుకోవడం సులువు. ఇది 1767. మీకు 27 ఏళ్లు, మామూలు పదాతి రెజిమెంట్‌లో లెఫ్టినెంట్. తండ్రి పల్లెటూరి చర్చిలో పాస్టరు, పెద్ద ఆస్తి లేదు. ఫ్రాన్స్‌తో జరిగిన ఏడేళ్ల యుద్ధం 1763లో ముగిసింది, దాంతో కొత్తగా లేపిన రెజిమెంట్లలో చాలావాటిని రద్దు చేసేశారు, వాటిలోని ఆఫీసర్లు సగం జీతం మీద ఇళ్లకు చేరి మళ్లీ ఎక్కడైనా చోటు దొరుకుతుందేమోనని కాచుకుని ఉన్నారు. మీరు పూర్తి జీతం మీద ఉండటమే అదృష్టం. ఇప్పుడు కెప్టెన్ కావాలి.

ముందు లెక్క వేసుకోండి

పోయిన ఏడాదే, అంటే 1766లో, రాజు పేరు మీద ధరలు ఖరారు చేశారు. మామూలు పదాతి రెజిమెంట్‌లో ఎన్‌సైన్ (అన్నిటికన్నా కింది ఆఫీసర్) పదవి 400 పౌండ్లు, లెఫ్టినెంట్ 550, కెప్టెన్ 1,500, మేజర్ 2,600, లెఫ్టినెంట్ కల్నల్ 3,500. మీరు ఎక్కేటప్పుడు మీ కింది పదవి అమ్ముడుపోతుంది కాబట్టి తేడా మాత్రమే చేతి నుంచి పెట్టుకోవాలి. లెఫ్టినెంట్ నుంచి కెప్టెన్‌కి ఆ తేడా 950 పౌండ్లు. మధ్యలో కెప్టెన్-లెఫ్టినెంట్ అని ఒక మెట్టు ఉంది, దాని ధర 800. రెజిమెంట్‌లో కంపెనీలనే చిన్న దళాలుంటాయి, వాటిలో కల్నల్ పేరున్న కంపెనీని నిజంగా నడిపేది అతనే, ఎందుకంటే కల్నల్ ఆ కంపెనీ కెప్టెన్‌గా కాగితం మీద ఉంటాడు తప్ప రోజూ రాడు.

మీ జీతం రోజుకి 4 షిల్లింగుల 8 పెన్నీలు, ఏడాదికి 85 పౌండ్లు. కెప్టెన్‌కి రోజుకి 10 షిల్లింగులు, ఏడాదికి 182 పౌండ్ల చిల్లర. అంటే 950 పెట్టుబడికి ఏడాదికి 97 పౌండ్లు ఎక్కువ వస్తుంది, అందులోంచి కోతలు పోతాయి. వినడానికి ఫర్వాలేదనిపిస్తుంది, కానీ మీరు ఉద్యోగంలో ఉండగా చచ్చిపోతే ఆ 1,500 మొత్తం పోయినట్టే, ఇంట్లోవాళ్లకి ఒక్క పెన్నీ తిరిగిరాదు, భార్య ఉంటే చిన్న పింఛను అంతే. కోర్టు మార్షల్‌లో పదవి ఊడినా అదే గతి. కాబట్టి చెల్లెలి కట్నం కోసం దాచిన డబ్బు తెచ్చి దీనిలో పెట్టే ముందు ఇంట్లో కూర్చుని నిజాయితీగా మాట్లాడుకోండి. ఇంకో విషయం, కాగితం మీద ధర 1,500 అయినా లోపాయికారీగా దానిమీద ఇంకొంత అడుగుతారు. మంచి పేరున్న రెజిమెంటైతే, ఇంగ్లండ్‌లోనే మకాం ఉంటే, ఆ అదనం పెరుగుతుంది. అది నిషిద్ధం. అయినా నడుస్తుంది.

ఇంత డబ్బు చూసి బెదిరిపోకండి, ఎందుకంటే డబ్బు లేకుండా దొరికే ఖాళీలు కూడా ఉన్నాయి, వాటి దగ్గరే సిఫార్సు ఎక్కువ పనిచేస్తుంది.

ఖాళీ ఎలా పడుతుందో తెలుసుకోండి

ఒక రెజిమెంట్‌లో కెప్టెన్ కుర్చీలు ఆరేడుకి మించవు. ఎవరైనా అమ్ముకుని పోవాలి, లేదా పైకి వెళ్లాలి, లేదా చనిపోవాలి. చనిపోతే ఆ పదవి అమ్మకానికి రాదు, మామూలుగా తర్వాతి సీనియర్‌కి ఉచితంగా వెళ్తుంది. యుద్ధంలో, వెస్టిండీస్ జ్వరాల్లో, పేదింటి ఆఫీసర్లు వేగంగా ఎదిగింది ఇందుకే. తోటివాడి చావు మీద తన బతుకు ఆధారపడి ఉండటం ఎంత బరువైన సంగతో ఆ ఉత్తరాలు చదివితే తెలుస్తుంది, ఒకే పేజీలో స్నేహితుడి మరణానికి ఏడుపూ, అతని కంపెనీ ఇప్పించమని అర్జీ కూడా ఉంటాయి. వాళ్లని చెడ్డవాళ్లనుకోకండి. వారం ఆలస్యమైతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

శాంతికాలంలో మాత్రం ఎక్కువగా అమ్మకమే. పద్ధతి ఏమిటంటే, అమ్ముకునే కెప్టెన్ కల్నల్‌కి చెబుతాడు, కల్నల్ లెఫ్టినెంట్లలో అందరికన్నా సీనియర్‌ని ముందు అడుగుతాడు, అతని దగ్గర డబ్బు లేకపోతే తర్వాతివాడిని, అలా కిందికి. ఇరవై ఏళ్ల సర్వీసున్న లెఫ్టినెంట్ "నా దగ్గర లేదు సార్" అని తప్పుకుంటే నిన్నగాక మొన్న చేరిన జమీందారు కొడుకు ఎక్కేస్తాడు. సైనిక వ్యవహారాల కార్యదర్శి లార్డ్ బారింగ్టన్‌కి ఇది నచ్చేది కాదు, డబ్బున్న కుర్రాళ్లు అర్హులైన పేదవాళ్ల తల మీంచి పోవడం అన్యాయమని పైవాళ్లకి రాశాడు కూడా. ఆయన మాటతో వ్యవస్థ మారలేదు, పదవుల అమ్మకం 1871 దాకా ఆగలేదు. కానీ ఆయన మనసు అలాంటిదని తెలిసి ఉండటం మీకు ఉపయోగం, మీరు సీనియర్ అయ్యుండి కొనలేని పరిస్థితిలో ఉంటే ఆ సంగతి దాచకండి, రాయండి.

ఖాళీ కబురు అందరికన్నా ముందు తెలిసేది రెజిమెంట్ ఏజెంట్‌కి. లండన్‌లో ఉండి జీతాలు పంచేవాడు, పదవుల అమ్మకం సొమ్ము చేతులు మారేది కూడా అతని దగ్గరే. రిచర్డ్ కాక్స్ అనే ఆయన, తర్వాత సైన్యాధిపతి అయిన లార్డ్ లిగోనియర్ దగ్గర సెక్రటరీగా ఉండి 1758లో ఫుట్ గార్డ్స్‌కి ఏజెంట్ అయ్యాడు, వైట్‌హాల్ పక్కన క్రెయిగ్స్ కోర్ట్‌లో ఆఫీసు, ఎంత పెరిగిందంటే తర్వాత అదే పెద్ద బ్యాంకు అయింది. మీ రెజిమెంట్ ఏజెంట్ ఎవరైనా సరే అతని గుమస్తాతో మర్యాదగా ఉండండి, బాకీలు పెట్టకండి, ఎవరు అమ్మే ఆలోచనలో ఉన్నారో అతను ఒక్క మాట అన్నా చాలు. 1754 నుంచి ఏటా అచ్చవుతున్న ఆర్మీ లిస్ట్ కొని దగ్గర పెట్టుకోండి. మీకన్నా ముందు ఎవరున్నారు, ఏ తేదీన కమిషన్ (పదవి నియామకం) వచ్చింది, అందులో అన్నీ ఉంటాయి. దాన్ని పట్టుకుని ఎవరు కొనగలరు, ఎవరు కొనలేరు అని పక్కన పెన్సిల్‌తో గుర్తులు పెట్టుకుంటే మీ వంతు ఎప్పుడో మీకే తెలుస్తుంది.

ఎవరిని పట్టుకోవాలి

మొదటి మెట్టు మీ కల్నలే. ఆయన్ని దాటి పైకి రాస్తే పైవాళ్లు మొదట అడిగే ప్రశ్న "మీ కల్నల్ ఏమన్నారు" అని. ఆయన సిఫార్సు లేకుండా వచ్చిన అర్జీ మూలకి పోతుంది, పైగా ఆయనకి కోపం కూడా మిగులుతుంది. కల్నల్ ఊళ్లో లేకపోతే రెజిమెంట్‌ని నడిపే లెఫ్టినెంట్ కల్నల్‌ని పట్టుకోండి, ఆయన మంచి మాట రాస్తే కల్నల్ కాదనడం అరుదు.

ఆ పైన బారింగ్టన్ ఆఫీసు, కమాండర్ ఇన్ చీఫ్ లార్డ్ గ్రాన్బీ, చివరికి రాజు మూడో జార్జ్. గ్రాన్బీది మెత్తటి మనసు, సైనికులంటే ప్రాణం, అడిగినవాళ్లకి తొందరగా మాటిస్తాడని పేరు. బారింగ్టన్ పద్ధతి మనిషి. గ్రాన్బీ అన్న మంచిమాటతో సంబరపడిపోయి ఊరుకోకుండా అది బారింగ్టన్ ఆఫీసులో కాగితంగా మారిందో లేదో ఎవరిచేతైనా కనుక్కోండి. రాజుని తేలిగ్గా తీసుకోవద్దు. ఆఫీసర్ల పేర్లూ, సర్వీసూ ఆయన స్వయంగా చూస్తాడు, కొన్ని సిఫార్సులు ఆయన దగ్గరే ఆగిపోతాయి. మీ రెజిమెంట్ ఐర్లండ్‌లో ఉంటే దారి మొత్తం మారిపోతుంది, అక్కడ డబ్లిన్ కోటలో ఉండే రాజు ప్రతినిధి, అంటే లార్డ్ లెఫ్టినెంట్ మాటే ముఖ్యం, ఆయన చుట్టూ ఉన్న సహాయకులని వెతుక్కోవాలి.

సరే, వీళ్లెవరూ మీకు తెలియదు. తెలిసినవాళ్లని తెలిసినవాళ్లెవరు? చుట్టాల్లోంచి మొదలుపెట్టండి. ఇరవై ఏళ్ల తర్వాత ఆర్థర్ వెల్లెస్లీ కథ చూడండి, ఇంట్లో పెద్దగా ఆశలేని కుర్రాడు, అన్న మార్నింగ్టన్ ప్రభువు ఐర్లండ్ లార్డ్ లెఫ్టినెంట్‌కి ఉత్తరం రాసి 1787లో 73వ ఫుట్‌లో (పదాతి రెజిమెంట్) ఎన్‌సైన్ పదవి ఇప్పించాడు. తర్వాత లార్డ్ లెఫ్టినెంట్ సహాయకుడిగా చోటు, రెజిమెంట్ మారుతూ మెట్టు మెట్టు, అన్న అప్పిచ్చిన డబ్బుతో 1793 సెప్టెంబర్‌కి 33వ ఫుట్ లెఫ్టినెంట్ కల్నల్. అప్పటికి వయసు 24. అదే అన్న 1798లో గవర్నర్ జనరల్‌గా ఇండియాకి వచ్చాడు, 1799లో శ్రీరంగపట్నం మీదికి వెళ్లిన నిజాం బలగం, అంటే మన హైదరాబాద్ సైన్యం, ఈ తమ్ముడి చేతి కింద నడిచింది. కోట మీదికి ముందుండి దూకింది డేవిడ్ బెయిర్డ్ అయితే మర్నాడు పట్నం అధికారం దక్కింది వెల్లెస్లీకి. బెయిర్డ్ ఆ అవమానాన్ని మర్చిపోలేదు, మర్చిపోవాల్సిన పని కూడా లేదు.

అన్నలు లేనివాళ్లకి వేరే దారులున్నాయి. జెఫ్రీ ఆమ్హెర్స్ట్ కెంట్‌లోని ఒక లాయర్ కొడుకు, చిన్నప్పుడు ఇంటి పక్కనున్న డ్యూక్ ఆఫ్ డార్సెట్ ఇంట్లో పేజ్‌గా, అంటే పరిచారక కుర్రాడిగా పనిచేశాడు, ఆ ఇంటి ద్వారా సైన్యంలోకి, తర్వాత జనరల్ లిగోనియర్‌కి సహాయకుడిగా. సహాయకుడి ఉద్యోగం ఎందుకు అంత విలువైనదంటే, జనరల్ కళ్ల ముందు రోజూ ఉంటారు, మీ చేతిరాత, మీ తెలివి, మీ నోటి అదుపు ఆయనకి తెలుస్తాయి, ఆయన పైకి వెళ్లినప్పుడు మిమ్మల్ని వెంట లాక్కెళ్తాడు. 1758లో కెనడాలోని ఫ్రెంచి కోట లూయిస్‌బర్గ్ మీద దండయాత్రకి నాయకుడు కావాల్సినప్పుడు లిగోనియర్ చెప్పిన పేరు ఆమ్హెర్స్టే. కోట పడ్డాక విజయవార్త లండన్‌కి మోసుకెళ్లే పని ఆమ్హెర్స్ట్ తన సొంత తమ్ముడు విలియంకి ఇచ్చాడు. విజయవార్త తెచ్చినవాడికి బహుమానం, తరచుగా పదోన్నతి కూడా దక్కడం ఆనవాయితీ కాబట్టి అలాంటి పని ఎవరికిస్తారన్నది చిన్న విషయం కాదు.

పెళ్లి కూడా ఒక దారే. జాన్ బర్గోయిన్ డెర్బీ ప్రభువు కూతుర్ని ఇంట్లోంచి తీసుకుపోయి చేసుకున్నాడు, అప్పులపాలై పదవి అమ్ముకుని కొన్నాళ్లు ఫ్రాన్స్‌లో ఉన్నాడు, మామగారి కోపం తగ్గాక ఆయన పలుకుబడితోనే 1756లో మళ్లీ సైన్యంలోకి వచ్చాడు. మీ ఇంటి ఆడవాళ్లని పక్కన పెట్టకండి. తల్లులు, మేనత్తలు, అక్కలు ఒకరికొకరు రాసుకునే ఉత్తరాల్లో ఎన్నో పనులు జరిగిపోయేవి, జనరల్ భార్యతో మీ అమ్మకి చిన్నప్పటి స్నేహం ఉంటే అది మీ పదేళ్ల సర్వీసుతో సమానం.

పెద్దమనిషికి మీ వల్ల ఏం ఒరుగుతుంది

ఇక్కడే చాలామంది పొరబడతారు. తమకి అర్హత ఉంది కాబట్టి ఆయన సాయం చేయాలనుకుంటారు. ఆయన వైపు నుంచి చూడండి. ఆయన పలుకుబడి మన ఊరి కిరాణా కొట్టు ఖాతా లాంటిది, ప్రతి సిఫార్సుకీ అందులోంచి కొంత వాడుకోవాలి, ఎడాపెడా వాడితే కొట్టువాడు ఇక ఇవ్వనంటాడు. మంత్రి దగ్గరికి వెళ్లి ఈ ఏడాది మూడు పనులు అడగగలడనుకుంటే అందులో ఒకటి మీకెందుకు ఇవ్వాలి? మీ తండ్రికి, మేనమామకి కౌంటీలో ఓటు ఉందా? ఆ ఊళ్లో నలుగురు ఆయన మాట వింటారా? పార్లమెంట్ సభ్యుడికి ఎన్నికలప్పుడు అదే కావాలి. ఓటు లేకపోతే మీ పేరు ఆయనకి గౌరవం తేవాలి, అంటే ఆయన సిఫార్సు చేసిన కుర్రాడు యుద్ధంలో నిలబడ్డాడని, తాగి తగువులాడలేదని నలుగురూ అనుకోవాలి. చెడ్డవాడిని సిఫార్సు చేసి ఇబ్బంది పడ్డవాళ్లు రెండోసారి నోరు తెరవరు.

అందుకని అడిగేది చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి. "నన్ను కాస్త గుర్తుపెట్టుకోండి" అంటే ఆయన తప్పకుండా అంటాడు, ఏమీ చేయడు. "ఫలానా కంపెనీ అమ్మకానికి వచ్చింది, కల్నల్ ఒప్పుకున్నారు, డబ్బు సిద్ధంగా ఉంది, బారింగ్టన్ గారికి మీ నుంచి రెండు వాక్యాలు వెళ్తే చాలు" అంటే ఆయన పని ఐదు నిమిషాలది. ఆ ఐదు నిమిషాల పనిగా మార్చి ఆయన చేతిలో పెట్టడం మీ బాధ్యత.

అర్జీ ఇలా రాయండి

అర్జీ ప్రథమ పురుషలో ఉండాలి, "నేను" అనకూడదు. ఒక పేజీ దాటకూడదు. సర్వీసు, గాయాలు, యుద్ధాలు తేదీలతో. తర్వాత ఖాళీ వివరం. తర్వాత కోరిక. ఆత్మస్తుతి వద్దు, తోటివాడి మీద చాడీలు అసలే వద్దు, వాటిని చదివే గుమస్తాలు ఆ తోటివాడి అర్జీ కూడా చదువుతారు. నమూనా ఒకటి ఇస్తున్నాను:

"ఫలానా రెజిమెంట్ లెఫ్టినెంట్ ఫలానా సవినయంగా విన్నవించుకునేది. అర్జీదారు 1757లో ఎన్‌సైన్‌గా చేరి 1759లో లెఫ్టినెంట్ అయ్యాడు. మిండెన్ యుద్ధంలోనూ, ఆ తర్వాత జర్మనీలో యుద్ధం ముగిసేవరకూ రెజిమెంట్‌తోనే ఉన్నాడు, ఒకసారి తొడకి గాయమైంది. రెజిమెంట్‌లో కెప్టెన్ ఫలానావారు పదవి అమ్ముకుని విరమించడానికి అనుమతి కోరారు. అర్జీదారు కన్నా సీనియర్లయిన ఇద్దరు లెఫ్టినెంట్లు కొనలేమని తెలిపారు. నిర్ణయించిన ధర చెల్లించడానికి అర్జీదారు సిద్ధంగా ఉన్నాడు, కల్నల్‌గారి సమ్మతి జత చేయడమైనది. ఆ కంపెనీకి తన పేరు రాజుగారి ముందు ఉంచవలసిందిగా ప్రార్థన."

సీనియర్లు ఇద్దరూ తప్పుకున్నారన్న వాక్యం అన్నిటికన్నా ముఖ్యం. అది లేకపోతే పై ఆఫీసు మళ్లీ కల్నల్‌కి రాసి అడుగుతుంది, నెల పోతుంది, ఈలోపు సగం జీతం మీదున్న ఎవరి మేనల్లుడో వచ్చి కూర్చుంటాడు.

ఇది బారింగ్టన్ ఆఫీసుకి. మీ పెద్దమనిషికి వేరే ఉత్తరం, సొంత గొంతులో, ఆయన ఇంటి క్షేమం అడిగి, అర్జీ నకలు జత చేసి. తపాలా ఖర్చు ఆ రోజుల్లో ఉత్తరం అందుకున్నవాడు కట్టాలి, కాబట్టి మామూలు మనిషికి బరువైన కట్ట పంపితే మొదటే విసుక్కుంటాడు. పార్లమెంట్ సభ్యులకి, ప్రభువులకి తపాలా ఉచితం, వాళ్లకి ధైర్యంగా రాయొచ్చు. ఖాళీ కబురు తెలిసిన రోజే రాయండి, రేపు తీరిగ్గా అనుకోవద్దు.

వీలైతే సెలవు పెట్టి లండన్ వెళ్లండి, పార్లమెంట్ నడిచే చలికాలంలో పెద్దవాళ్లంతా అక్కడే ఉంటారు. పొద్దున్నే వాళ్ల ఇళ్లలో దర్శనాలు ఉంటాయి, నిలబడాలి, వంగి నమస్కరించాలి, ఒక్క మాట దొరికితే ఒక్క మాటే చెప్పి తప్పుకోవాలి. కానీ లండన్‌లో గది అద్దె, మంచి కోటు, పల్లకీలాంటి కుర్చీ మోసేవాళ్ల కూలీ కలిపితే మీ మూడు నెలల జీతం ఇట్టే కరిగిపోతుంది. పని జరిగే సూచన లేకుండా అక్కడే పడి ఉండకండి.

మనిషీ లేడు, డబ్బూ లేదు అనుకోండి

ఈ పరిస్థితిలో ఉన్నవాళ్లే నాకు ఎక్కువ ముఖ్యం. తెల్లజుట్టు లెఫ్టినెంట్లు ఆ సైన్యంలో ఎంతోమంది, పని మొత్తం వాళ్లే చేసేవాళ్లు.

ఒక దారి, మకాం మార్చుకోవడం. మీ రెజిమెంట్ ఇంగ్లండ్‌లో ఉండి, వెస్టిండీస్‌కి వెళ్లాల్సిన ఇంకో రెజిమెంట్‌లో డబ్బున్న లెఫ్టినెంట్‌కి ఆ జ్వరాల భయం పట్టుకుంటే, అతను మీతో చోటు మార్చుకుని దానికి డబ్బిస్తాడు. ప్రాణాపాయం ఉంది, కానీ అక్కడ ఖాళీలు ఉచితంగా పడతాయి. రెండోది, అడ్జుటెంట్ పని నేర్చుకోవడం. డ్రిల్, హాజరు పట్టీలు, కాగితాలు తెలిసినవాడు లేకుండా ఏ రెజిమెంటూ నడవదు, కల్నల్ మిమ్మల్ని వదులుకోలేని స్థితికి తేగలిగితే ఆయనే మీకు పెద్దమనిషి. జేమ్స్ వుల్ఫ్ 1743లో డెట్టింగెన్ యుద్ధంలో పదహారేళ్ల వయసులో అడ్జుటెంట్ పని చేశాడు. తండ్రి కూడా ఆఫీసరే, కాబట్టి తలుపు తెరిచి ఉంది, కానీ 1750లో 23 ఏళ్లకి లెఫ్టినెంట్ కల్నల్ కావడంలో ఆ పనితనం చూసిన పైవాళ్ల నమ్మకం చాలా ఉంది. ఇంకా సైన్యంలోనే లేని తమ్ముడు ఉంటే వాలంటీర్‌గా పంపండి, సిపాయిలా తుపాకీ పట్టి ఆఫీసర్లతో భోజనం చేస్తూ, ఎన్‌సైన్ ఎవరైనా పడిపోతే ఆ చోటు కోసం కాచుకుని ఉంటాడు. లెక్కలు బాగా వస్తే వూల్విచ్ అకాడమీ, 1741లో పెట్టారు, ఫిరంగి దళంలో, ఇంజనీర్లలో పదవులు కొనడం అమ్మడం లేదు, సీనియారిటీ ఒక్కటే, నిదానంగా అయినా దాని దారిన అది వస్తుంది.

యుద్ధం వస్తే ఇంకో పెద్ద దారి తెరుచుకుంటుంది, మనుషుల్ని పోగుచేసి తెచ్చినవాడికి పదవి. సైమన్ ఫ్రేజర్ తండ్రి లార్డ్ లోవాట్‌ని 1747లో రాజద్రోహానికి తల నరికారు, ఆస్తి జప్తు అయింది. అలాంటి ఇంటి కొడుకు 1757లో తన తెగ మనుషుల్ని పిలిచి ఒక హైలాండ్ రెజిమెంట్ నిలబెట్టాడు, భూమి లేకపోయినా పేరు మీద జనం వచ్చారు. ఆ సేవ వల్ల 1774లో ఆస్తి తిరిగొచ్చింది.

ఒకే కొమ్మని పట్టుకోవద్దు

మీ పెద్దమనిషి పడిపోతే మీరూ పడతారు. డ్యూక్ ఆఫ్ కంబర్లండ్ అప్పటి రాజు రెండో జార్జ్ కొడుకు, సైన్యం మొత్తం ఆయన చేతిలో, కానీ 1757లో జర్మనీలో ఓడి క్లోస్టర్‌జెవెన్ ఒప్పందం మీద సంతకం పెట్టాక పదవులన్నీ వదులుకోవాల్సి వచ్చింది, ఆయన్నే నమ్ముకున్నవాళ్లు హడావిడిగా లిగోనియర్ గుమ్మం వెతుక్కున్నారు. లార్డ్ జార్జ్ సాక్‌విల్‌ని మిండెన్ తర్వాత 1760లో కోర్టు మార్షల్ సైన్యానికే పనికిరాడంది. రాజకీయం జోలికి పోతే ఇంకా ప్రమాదం. తర్వాత ప్రధాని అయిన విలియం పిట్ కుర్రాడిగా అశ్విక దళంలో కార్నెట్, అంటే కింది ఆఫీసర్, పార్లమెంట్‌లో ప్రభుత్వానికి వ్యతిరేకంగా మాట్లాడాడని 1736లో అప్పటి ప్రధాని వాల్పోల్ ఆ పదవి పీకేయించాడు. జనరల్ కాన్వే 1764లో ఒక ఓటు వేసినందుకు రెజిమెంట్‌నే పోగొట్టుకున్నాడు, అది మూడేళ్ల కిందటి మాటే. లెఫ్టినెంట్లకి ఓటు వేసే గొడవ లేదు కానీ మెస్‌లో నోరు జారితే అది కూడా పైకి చేరుతుంది.

కంపెనీ ఉద్యోగం మాటేమిటి

ఇండియా పేరు వినగానే ఆశపడతారు. ఈస్టిండియా కంపెనీ సైన్యంలో పదవి కొనక్కర్లేదు, 24 మంది డైరెక్టర్లలో ఎవరైనా ఒకరు కేడెట్‌గా పేరు ఇస్తే చాలు, ఆ తర్వాత సీనియారిటీ. కానీ రాజుగారి కమిషన్ వదులుకుని వెళ్లేముందు ఫ్రాన్సిస్ ఫోర్డ్ సంగతి గుర్తుంచుకోండి. 39వ ఫుట్‌లో ఉన్న ఫోర్డ్, క్లైవ్ పిలిస్తే కంపెనీలోకి మారాడు. 1758 డిసెంబర్‌లో పిఠాపురం దగ్గర చందుర్తిలో విజయనగరం ఆనంద గజపతిరాజుతో కలిసి ఫ్రెంచివాళ్లని ఓడించాడు, 1759 ఏప్రిల్‌లో తనకన్నా ఎక్కువ బలగం లోపల ఉన్న మచిలీపట్నం కోటని రాత్రి దాడి చేసి పట్టుకున్నాడు. ఉత్తర కోస్తా చరిత్ర తిరిగింది ఆ రెండు దెబ్బలతోనే. లండన్‌లో డైరెక్టర్లు మాత్రం ఆయన నియామకాన్ని ఖాయం చేయలేదు, పైన ఐర్ కూట్‌ని వేశారు. పక్కనున్న క్లైవ్ ఎంత మెచ్చుకున్నా నిర్ణయం జరిగే గదిలో ఫోర్డ్ పేరు ఎత్తేవాడు లేడు. మన నేల మీద పోరాడి గెలిచినవాడికి జరిగిన ఈ అన్యాయం మన పాఠాల్లో పెద్దగా చెప్పరు.

దీనికి ఎదురు ఉదాహరణ కాలిన్ మెకంజీ. లూయిస్ దీవిలో కస్టమ్స్ ఉద్యోగి, సీఫోర్త్ ప్రభువు అండతో 1783లో మద్రాసు సైన్యంలో చేరి, 1786లో ఇంజనీర్లలోకి మారి, చివరికి 1815లో ఇండియాకి మొదటి సర్వేయర్ జనరల్ అయ్యాడు. మన ఏలూరు వైపు కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరులు ఆయన కోసం ఊరూరా తిరిగి కైఫీయత్తులు (ఊళ్ల చరిత్ర రికార్డులు), శాసనాలు సేకరించారు. ఒక స్కాట్లండ్ ప్రభువు చేసిన సిఫార్సు లేకపోతే ఆ కైఫీయత్తుల్లో ఎన్ని మిగిలేవో.

పదవి వచ్చాక

అదే రోజు మీ పెద్దమనిషికి కృతజ్ఞతల ఉత్తరం, కల్నల్‌కి ఇంకొకటి, ఏజెంట్ గుమస్తాకి ఒక చిన్న చీటీ. కమిషన్ కాగితానికి ఆఫీసు ఫీజులు ఉంటాయి, వాటికి కొంత విడిగా ఉంచుకోండి. ప్రభుత్వ ప్రకటనల పత్రిక లండన్ గెజిట్‌లో పేరు సరిగ్గా పడిందో లేదో చూసుకోండి, తప్పు పడితే వెంటనే రాయించండి. ఏడాది తిరక్కుండా ఆ పెద్దమనిషి తెలిసినవాళ్ల అబ్బాయి మీ కంపెనీకి ఎన్‌సైన్‌గా వస్తాడు, వాడికి పని నేర్పడం ఇక మీ బాకీ, విసుక్కోకుండా నేర్పండి. అన్నిటికన్నా ముందు కమిషన్ మీద తేదీ చూడండి. మేజర్ ఖాళీ పడినప్పుడు మిమ్మల్ని ముందు అడుగుతారా పక్క కంపెనీ కెప్టెన్‌ని అడుగుతారా అన్నది ఆ తేదీని బట్టే ఉంటుంది, ఒక్క రోజు తేడా వచ్చినా సరే, ఇప్పుడే సరిచేయించుకోండి.